పావుగంట ఎండ

కెప్టెన్ ఫావ్రెల్ అంటే నాకు కుళ్లు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ముందు ముందు ఎక్కడైనా నేను అతన్ని అన్యాయంగా తిట్టినట్టు తోస్తే మీరే కాస్త తగ్గించుకుని చదువుకోవచ్చు. ఆరేళ్ల కిందట అతను ఈ వోరిన్యీ ఠాణాలో నా దగ్గరే పని నేర్చుకున్నాడు. కాలువలో దొరికిన శవం కేసు నేను పదకొండు వారాలు కాళ్లరిగేలా తిరిగి తేలిస్తే, నివేదిక శుభ్రంగా టైపు చేసి, కింద తన పేరు పెట్టి దిజోన్‌లో పై అధికారులకి పంపాడు. సొమ్మొకడిది, సోకొకడిది. అతను కెప్టెనయ్యాడు, పతకం వచ్చింది, దిజోన్ వెళ్లిపోయాడు. నేను అదే కుర్చీలో, అదే నడుం నొప్పితో ఇక్కడే ఉన్నాను.

ఆ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఆ ఫావ్రెలే నా గదిలోకి వచ్చి, నా బల్ల మీద తన తోలు చేతిజోళ్లు పెట్టి, సాయంత్రం నాలుగింటికి గాస్పార్ తెనూని దిజోన్‌లో జడ్జిగారి ముందుకు పంపుతున్నానని చెప్పాడు. హత్యానేరం. గాస్పార్ మా ఊరి తాపీమేస్త్రీ. యాభై ఎనిమిదేళ్లవాడు. అతని తండ్రీ తాతా కూడా మా చర్చి గోడలకి మరమ్మతులు చేసే బతికారు. నాలుగింటికి ఆ బండి కదిలిందంటే అతను మళ్లీ వోరిన్యీ ముఖం చూసేది ఏ పదిహేనేళ్లకో.

చనిపోయినావిడ పేరు ఎద్విజ్ కొలార్. పాత చర్చిల్లో ఏ గోడ ఏ కాలంలో లేచిందో తేల్చడం ఆవిడ వృత్తి. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పూలు మార్చడానికి వెళ్లిన మదామ్ పెర్రాషోన్‌కి, సెయింట్ ఓర్మెల్ చర్చి దక్షిణపు రెక్కలో, పరంజా పక్కన నేల మీద కనిపించింది. మూడో వరస నుంచి పడింది. తొమ్మిది మీటర్ల ఎత్తు. ప్రాణం పోయింది పన్నెండుకీ ఒంటిగంటన్నరకీ మధ్య అన్నాడు డాక్టరు. ప్రమాదమే అనుకుని వదిలేసేవాళ్లమే. కానీ మెడ కింద, ఛాతీ మీద అడ్డంగా, జానెడు పొడుగున తిన్నగా కమిలిన గీత ఒకటి ఉంది. కింద పడితే అలాంటి దెబ్బ తగలదు. తిన్నటి అంచున్న దేంతోనో ఎవరో నెట్టారు.

తిన్నటి అంచున్న వస్తువు ఫావ్రెల్‌కి వెంటనే దొరికింది. గాస్పార్ గోడ మట్టం చూసుకునే కర్ర. ఆ ఉదయం పదకొండున్నరకి గాస్పార్‌కీ ఆవిడకీ పెద్ద గొడవైందని కూలీలందరూ చెప్పారు. మూడో వరస చివరన మనుషులు పడకుండా ఉండాల్సిన అడ్డకర్ర ఊడదీసి ఉంది. భోజనం వేళ అతనెక్కడున్నాడో చెప్పే సాక్షి లేడు. వీటన్నిటినీ కలిపి ఫావ్రెల్ అరగంటలో హంతకుణ్ని తయారుచేశాడు.

నేను లాకప్ గదిలోకి వెళ్లి గాస్పార్ పక్కన బల్ల మీద కూచున్నాను. నలభై ఏళ్లుగా ఎరిగున్నవాడు. నా కళ్లలోకి చూడలేదు. గొడవ దేనికని అడిగితే గోడవైపు తిరిగి చెప్పాడు.

"ఆ సున్నం మా నాన్న వేసింది సార్. దక్షిణపు రెక్కలో పడమటి గోడకి. తలుపంత మేర గీకెయ్యమంది ఆవిడ. కింద రాయి చూడాలిట. నేను చెయ్యనన్నాను. ఇంత నోరేసుకుని అరిచాను కూడా. చివరికి గీకాను, ఏం చేస్తాం, ఆవిడ మాట కాదంటే పనే ఆగిపోతుంది."

గీకడం ఎన్నింటికి అయిందని అడిగాను. మధ్యాహ్నపు గంట కొడుతుండగా ఆఖరి పెచ్చు ఊడిందని చెప్పాడు. గీకడానికి అడ్డొస్తోందని అడ్డకర్ర తనే తీశాడు, కోపంలో తిరిగి పెట్టడం మరిచాడు. తను నెట్టకపోయినా అడ్డకర్ర పెట్టి ఉంటే ఆవిడ బతికేదన్నది అతని బాధ. తర్వాత రోజూ చేసినట్టే కరెంటు ఫ్యూజు పీకి జేబులో వేసుకుని దిగాడు. పాత చర్చిల పైకప్పులన్నీ ఎండిన కలప. మేస్త్రీ లేనప్పుడు లోపల లైటు వెలగకూడదన్నది వాళ్ల పని కట్టుబాటు. ఆ కోపంతోనే అందరితోపాటు కాఫీ హోటలుకి వెళ్లకుండా, తన వ్యాన్‌లో కూచుని రొట్టే సాసేజీ తిన్నాడు.

"లైటు లేకుండా ఆవిడ పైన ఏం చేసింది?"

"ఎండ కోసం కూచుంది సార్. పన్నెండున్నర దాటాక గుండ్రటి కిటికీలోంచి ఆ గోడ మీదకి వస్తుందిట. పావుగంట ఉండి పోతుందిట. లైటు కంటే అదే నయమంది."

అప్పటికి ఆ మాటలో నాకేమీ కనబడలేదు. ఊరికే పుస్తకంలో రాసుకున్నాను.

పదిన్నరకి ప్రొఫెసర్ ఆన్సెల్మ్ ద్రూవో బస చేసిన ఫాదర్‌గారి పాత బంగళాకి వెళ్లాను. ఫావ్రెల్ ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా గట్టిగా అడగలేదు. అరవై దాటిన మనిషి, కోటు మీద ప్రభుత్వమిచ్చిన బిరుదు తాలూకు ఎర్ర రిబ్బను, ఇంత పెద్ద పేరు. ముప్పై ఏళ్ల కిందట మా చర్చి గురించి ఆయన రాసిన పుస్తకం బడిపిల్లలకి కూడా తెలుసు. పునాది నుంచి పైకప్పు దాకా చర్చి మొత్తం ఒకే ఊపులో, వెయ్యీ తొంభై అయిదు నాటికి లేచిందని అందులో తేల్చాడు. ఎద్విజ్ ఆయన దగ్గరే చదువుకుని, దక్షిణపు రెక్క పైసగం వందేళ్ల తర్వాత కట్టిందని అనడం మొదలుపెట్టింది. గురువు పుస్తకం కిందకి శిష్యురాలు నీళ్లు తెస్తే గురువుకి కడుపు మండదా అన్నది నా లెక్క.

భోజనాల గది నిండా బొమ్మలే. గోడలకి నలభై కాగితాల పైచిలుకు గుచ్చి ఉన్నాయి. చర్చిలో ప్రతి గోడా, ప్రతి రాయీ, రాయి మీద ప్రతి పగులూ, సన్నటి సిరా గీతల్లో. నాకు బొమ్మల సంగతి తెలియదు. కానీ ఒక మనిషి ఏళ్ల తరబడి కళ్లు పోగొట్టుకుంటే తప్ప అలాంటివి రావని తెలుసు. ప్రతి కాగితం కిందా ఒకటే ముద్ర: ఎ. ద్రూవో.

ప్రొఫెసర్ భార్య సొలాంజ్ కాఫీ తెచ్చింది. సన్నగా, నెరిసిన జుట్టుతో, గదిలో ఉన్నా లేనట్టుండే మనిషి. కప్పు అందిస్తుంటే ఆవిడ గోళ్ల చివర్ల నల్లటి సిరా కనిపించింది. ప్రొఫెసర్ చేతులు మాత్రం ఇప్పుడే సబ్బుతో కడుక్కున్నంత తెల్లగా ఉన్నాయి.

మంగళవారం పన్నెండుకీ ఒంటిగంటన్నరకీ మధ్య ఎక్కడున్నారని ప్రొఫెసర్‌ని అడిగాను. జవాబు భార్య చెప్పింది. పన్నెండుంబావు నుంచి ఇద్దరూ ఈ గదిలోనే భోంచేశారట. ఉల్లికాడలు వేసి ఉడికించిన గొడ్డుమాంసం. ప్రొఫెసర్ ఒక్క క్షణం ఆవిడకేసి చూసి, అవునవును, మాంసం బాగా ఉడికింది అన్నాడు.

ఎద్విజ్‌తో మీకు పడేది కాదటగా అన్నాను. ఆయన నవ్వి, ఊరి మాటలు నమ్మకండంటూ బల్ల సొరుగులోంచి ఒక ఉత్తరం తీశాడు. పారిస్‌లో పుస్తకాలు వేసేవాళ్లు రాసింది. పాత పుస్తకాన్ని తిరగరాసి, కొత్త కాలనిర్ణయంతో, రెండు వందల బొమ్మలతో మళ్లీ వేస్తున్నారు. అట్ట మీద రెండు పేర్లు: ఆన్సెల్మ్ ద్రూవో, ఎద్విజ్ కొలార్.

"ఆ అమ్మాయి చెప్పిందే నిజమని ఒప్పుకున్నాను అధికారిగారూ. ఈ వయసులో ఒప్పుకోవడానికి గుండె కావాలి. ఇటు చూడండి, మీకే తెలుస్తుంది."

ఆయన నన్ను కిటికీ పక్కనున్న ఆఖరి కాగితం దగ్గరికి తీసుకెళ్లాడు. నలభై ఒకటో నెంబరు. దక్షిణపు రెక్కలో పడమటి గోడ. రాళ్ల మీద ఏటవాలుగా సన్నటి గీతలు బారులు తీరి ఉన్నాయి, తడిసిన జుట్టులో దువ్వెన లాగినట్టు. మొదట్లో రాయి చెక్కే బాడిసకి అంచు నున్నగా ఉండేదట, రాయి కూడా నున్నగా వచ్చేది. వందేళ్ల తర్వాత ఆ అంచుకి పళ్లు కోశారు. పళ్ల బాడిసతో చెక్కిన రాయి మీద ఈ దువ్వెన గీతలు పడతాయి. కాబట్టి గీతలున్న గోడ వెయ్యీ తొంభై అయిదుది కాలేదు, పన్నెండో శతాబ్దం చివరిది. అంత పెద్ద వాదమూ ఆ సన్నగీతల మీదే నిలబడి ఉంది.

ఈ బొమ్మ గీసిందెవరని అడిగాను. ముద్ర కనబడటం లేదా అన్నాడు. "ఈ వయసులో కూడా పరంజా ఎక్కి గీస్తాను. ద్రూవో గీత అంటే పారిస్‌లో కూడా గుర్తుపడతారు."

నేను ఉత్తరం రెండోసారి చదువుతున్నాను. రెండు వందల బొమ్మలు, రెండు పేర్లు. సొలాంజ్ లేచి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గరికి వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడింది.

పదకొండూ ముప్పావుకి చర్చి గుమ్మంలో ఫావ్రెల్ ఎదురయ్యాడు. దిజోన్‌కి ఫోన్ చేసి వస్తున్నాడు, ముఖం వెలిగిపోతోంది. ప్రొఫెసర్‌గారిని ఎందుకు కదిపారని అడిగాడు. కేసు తనదని, నేను తనకి సాయం చేయడానికే ఉన్నానని గుర్తుచేశాడు. పరంజా ఎక్కి ఒకసారి చూస్తానన్నాను.

"గురువుగారూ, మీ నడుం సంగతి మర్చిపోయారా? ఇంకో శవం లేస్తే నేనే రాసుకోవాలి."

"రాసుకో. నా శవం మీద కూడా నీ పేరే పెట్టుకుందువుగాని."

అతను నవ్వలేదు. ఆరేళ్లలో మా మధ్య ఆ మాట పైకి రావడం అదే మొదలు. కాలువ కేసు నివేదిక తను రాయకపోతే ఎవరూ చదివేవాళ్లు కాదని, నా రాత కోడి గీకినట్టుంటుందని అన్నాడు. అందులో కొంత నిజముంది. అందుకే మరీ మండింది. నాలుగింటి దాకా ఏమైనా చేసుకోండి, నాలుగింటికి బండి వెళుతుంది అని పరంజా సీలు విప్పే కాగితం మీద సంతకం చేసిచ్చాడు. మంగళవారం ఒంటిగంటా యాభైకి నేను వేసిన సీలు అది. ఆ సాయంత్రం నా ఎదుటే ఫావ్రెల్ మనుషులు ఒక్కసారి పైకెక్కి, ఊడిన అడ్డకర్రని ఫ్లాష్ వేసి ఫోటో తీసుకుని దిగారు. మళ్లీ నేనే సీలు వేశాను. ఆ తర్వాత ఈగ కూడా ఎక్కలేదు.

మూడు నిచ్చెనలు ఎక్కేసరికి పన్నెండూ పదిహేనైంది. గాస్పార్ గీకిన చోటు ఎదురుగానే ఉంది, తలుపంత మేర, చుట్టూ తెల్లటి సున్నం మధ్య గోధుమరంగు రాయి. అడుగు దూరంలో నిలబడి చూశాను. నున్నటి రాయి. ఇంకా దగ్గరికి జరిగాను, ముక్కు ఆనించినంత పని చేశాను. గీతల జాడ లేదు. చేత్తో తడిమితే ఏదో గరుకు తగిలింది కానీ కంటికి ఏమీ ఆనలేదు. ప్రొఫెసర్ లేని గీతలు గీసి కథ అల్లాడేమో, ఇంతా చేసి నేను చెవిలో పువ్వు పెట్టుకుని వచ్చానేమో అనుకున్నాను. నడుం పట్టేసి చెక్క మీదే కూలబడ్డాను.

పన్నెండూ ముప్పై ఆరుకి దక్షిణపు గోడలోని గుండ్రటి కిటికీలోంచి ఎండ వచ్చింది. నేరుగా గోడ మీద పడలేదు. గోడని రాసుకుంటూ, పక్కనుంచి పాకింది. నా కళ్లముందే నున్నటి రాయి మీద ఒక గీత లేచింది. దాని పక్కన ఇంకొకటి. నిమిషంలో ఆ మేరంతా దువ్వెన గీతలే. మూడో బారులో ఒక రాయి మీద మాత్రం గీతలు మిగతావాటికి ఎదురువాలుగా ఉన్నాయి. చెక్కినవాడిది ఎడమచేతి వాటం అయి ఉండాలి. ఆ ఎదురువాలు రాయిని ఆ పొద్దున నేను నలభై ఒకటో కాగితంలో చూశాను, సరిగ్గా అదే బారులో.

పన్నెండూ యాభై ఒకటికి ఎండ జారిపోయింది. గీతలూ పోయాయి. గోడ మళ్లీ నున్నగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

నేను చెక్క మీద కూచునే లెక్క వేశాను. మంగళవారం మధ్యాహ్నపు గంట దాకా ఆ రాళ్ల మీద గాస్పార్ తండ్రి వేసిన సున్నం ఉంది. అంతకుముందు వాటిని చూసినవాళ్లెవరూ బతికి లేరు. ఒంటిగంటా యాభైకి సీలు పడింది. మధ్యలో కరెంటు లేదు, ఫ్యూజు గాస్పార్ జేబులో ఉంది. ఎండ ఉన్నది పావుగంట. ఎద్విజ్ స్వయంగా గీసిందా అంటే, ఆవిడ నోటుపుస్తకం మా దగ్గరే ఉంది. చర్చి గంటస్తంభం వేయబోతే మిరియాల డబ్బాలా వచ్చింది, పాపం. కాబట్టి నలభై ఒకటో బొమ్మ గీసిన మనిషి మంగళవారం పన్నెండూ ముప్పై ఆరుకీ యాభై ఒకటికీ మధ్య ఇదే చెక్క మీద, ఎద్విజ్ పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో కాగితం బిగించిన బొమ్మల పలక ఉంది. ఆ పలకకి తిన్నటి అంచుంటుంది.

ఎవరు గీశారో కూడా నాకు తెలుసు. సిరా ఎవరి గోళ్లలో ఉందో చూశాను. కానీ తెలియడం వేరు, రుజువు వేరు. కాగితం మీద ద్రూవో ముద్ర ఉంది. నాదే అంటాడు ఆయన. ఆయనదే అంటుంది ఆవిడ. ఇద్దరం బల్ల దగ్గర మాంసం తింటున్నామంటారు. ఎండ సాక్ష్యం చెబుతుందంటే జడ్జిగారు నన్ను పిచ్చాసుపత్రికి రాస్తారు, గాస్పార్‌ని జైలుకి రాస్తారు.

ఆవిడ నోరు తెరవాలి. భయపెడితే తెరిచే మనిషి కాదు. మూడు రోజులుగా ఆ కాగితాన్ని నలుగురూ తిరిగే గదిలో గోడకి గుచ్చి ఉంచింది. చింపి పొయ్యిలో వేయలేకపోయింది. అది నాకు బాగా అర్థమైంది. మిగతా విద్యలు నాకు అంతంతమాత్రమే కానీ కుళ్లు మాత్రం నేను క్షుణ్ణంగా చదువుకున్నాను. దిజోన్‌లో ఫావ్రెల్ కోటుకి పతకం గుచ్చిన రోజు నేను నాలుగో వరసలో కూచుని చప్పట్లు కొట్టాను. ఆ క్షణంలో ఎవరైనా లేచి, కాలువ కేసు తేల్చినవాడే హంతకుడు అని ఉంటే, నేనే చెయ్యెత్తి ఉండేవాణ్ని.

రెండున్నరకి ఫావ్రెల్‌ని వెంటబెట్టుకుని బంగళాకి వెళ్లాను. దారిలో అతనికి ఎండ సంగతి చెప్పాను. చెప్పకూడదనే అనిపించింది, నా నోటి దగ్గర కూడు మళ్లీ లాక్కుంటాడేమోనని. కానీ కేసు అతనిది, ఆ గదిలో అతను లేకుండా ఎవరేమన్నా చెల్లదు. లోపల ఒక్క మాట మాట్లాడకూడదని షరతు పెట్టాను. ఇది తప్పయితే రేపే పింఛనుకి అర్జీ పెట్టుకుంటానన్నాను. ఆ మాటకి వెంటనే ఒప్పుకున్నాడు.

ప్రొఫెసర్ ఎదురొచ్చి మమ్మల్ని కూర్చోబెట్టాడు. సొలాంజ్ కిటికీ దగ్గర ఏదో కుడుతోంది. నేను కూచోకుండా బొమ్మలు చూస్తూ తిరిగాను. పొద్దున సరిగ్గా చూడలేదన్నాను. ఇంత పని మనిషన్నవాడు చేయగలడా అన్నాను. పొగడ్త నాకు చేతకాదు, కానీ ఆ బొమ్మల ముందు అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది. నేను అన్న ప్రతి మాటకీ ప్రొఫెసర్ తలవంచి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, ముప్పై ఏళ్ల సాధన, నిద్రలేని రాత్రులు, కళ్లజోడు నాలుగుసార్లు మారింది అంటూ పోయాడు. నేను వింటున్నది ఆయన్ని కాదు. కిటికీ దగ్గర సూది ఆగింది, మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది.

నలభై ఒకటి దగ్గర నిలబడ్డాను.

"అన్నిట్లోకీ ఇది గొప్పది ప్రొఫెసర్‌గారూ. ఆ ఎదురువాలు రాయి చూశారా. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఎడమచేతివాణ్ని కూడా వదిలిపెట్టలేదు. ఇది మీరే, గోడ ముందు నిలబడి, చూసి గీశారు కదా?"

"చూడకుండా ద్రూవో ఒక్క గీత గీయడు," అన్నాడు. ఎదురువాలు రాయి ఎక్కడుందో కాగితం మీద వెతుక్కుంటూ అన్నాడు.

అప్పుడు చెప్పాను. గాస్పార్ సున్నం, మధ్యాహ్నపు గంట, జేబులో ఫ్యూజు, గుండ్రటి కిటికీ, పావుగంట, సీలు. ఒక్కొక్కటే నెమ్మదిగా చెప్పాను. గీసిన మనిషి ఆ పావుగంటలో ఎద్విజ్ పక్కనే ఉన్నారని, ఆ తర్వాత ఎద్విజ్ నేల మీద ఉందని ముగించాను.

ఆయన కుర్చీ పట్టుకున్నాడు. భోంచేస్తున్నామన్న మాట అబద్ధమని వెంటనే ఒప్పుకున్నాడు. మంగళవారం ఆ వేళకి ఒంటరిగా కాలువ గట్టున నడుస్తున్నాడట, ఎవరూ చూడలేదు.

"సొలాంజే అలా చెప్పమంది. నన్ను అనుమానిస్తారని, నాకోసమే... నువ్వే కదా అన్నావు సొలాంజ్?"

ఆవిడ తలెత్తలేదు. తనకోసమే అనుకున్నాడు మూడు రోజులూ. అలాంటి భర్తలు ఉంటారు.

ఫావ్రెల్ జేబులోంచి చెయ్యి తీశాడు. నేను అతన్ని కళ్లతోనే ఆపాను. ప్రొఫెసర్ ముందు రెండు దారులే ఉన్నాయి. బొమ్మ నాది కాదంటే ప్రాణానికి ముప్పు లేదు, కానీ నలభై ఒకటి కాకపోతే నలభయ్యీ కాదు, ముప్పై తొమ్మిదీ కాదు, పారిస్‌లో గుర్తుపట్టే ద్రూవో గీత అసలు లేదు. ఆయన కాగితం వైపు చూశాడు, కింద ముద్ర వైపు చూశాడు. ఎంతోసేపు ఆలోచించలేదు.

"బొమ్మ నాదే," అన్నాడు. "ఎద్విజ్ నోటితో చెప్పింది విని గీసి ఉంటాను. చూసింది గుర్తులేదు. కానీ చెయ్యి నాదే."

పీకల మీదికి వచ్చినా ఆయన ఆ కాగితాన్ని వదల్లేదు. నాకు ఒక్క క్షణం మెచ్చుకోవాలనిపించింది, మరుక్షణం చెంప పగలగొట్టాలనిపించింది. నేను ఫావ్రెల్ వైపు తిరిగి, ప్రొఫెసర్‌గారు చెప్పింది రాసుకోండి కెప్టెన్, నలభై ఒకటో బొమ్మ ఆన్సెల్మ్ ద్రూవోగారి స్వహస్తం అని రాసి సంతకం తీసుకోండి అన్నాను. ఫావ్రెల్ కలం తీశాడు. ప్రొఫెసర్ చెయ్యి చాచాడు.

"అది ఇవ్వను."

సొలాంజ్ లేచి నిలబడి ఉంది. గొంతు పెద్దదేం కాదు. ఆవిడ గదికి అడ్డంగా నడిచి వచ్చి, కలానికీ భర్త చేతికీ మధ్య నిలబడింది. నువ్వు ఊరుకో, నేను చూసుకుంటాను అన్నాడు ఆయన. ఆవిడ ఆయన వైపు చూడనైనా చూడలేదు.

"నలభై తీసుకున్నాడు. పాత పుస్తకంలో నూట అరవై తీసుకున్నాడు. అది ఇవ్వను. అది నాది."

నేను, ఆ మాటంటే ఏమిటో మీకు తెలుసు కదా మేడమ్ అన్నాను. తెలుసునంది. ప్రొఫెసర్‌కీ ఎద్విజ్‌కీ మధ్య ఏదైనా ఉందా అని ఫావ్రెల్ షరతు తప్పి అడిగాడు. కుర్రకుంక, ఇంకా అక్కడే ఉన్నాడు. ఆవిడ మొదటిసారి నవ్వింది.

"మనిషిని తీసుకుపోయినా ఊరుకునేదాన్ని నాయనా. తనే పిలిచింది నన్ను, ఎండొస్తోంది, వచ్చి గీయండి అని. నేను గీస్తుంటే వెనకనుంచి తొంగిచూసింది. చాలా బాగుందండీ అంది. దీని కింద మా ఇద్దరి పేర్లూ వేస్తాం అంది. మా ఇద్దరివీ. ఎంతో ప్రేమగా చెప్పింది, నేను సంతోషిస్తాననుకుని."

ప్రొఫెసర్ కుర్చీలో కూలబడ్డాడు. ఫావ్రెల్ చేతిలో కలం అలాగే ఉండిపోయింది. ఠాణాలో బండి సిద్ధమై ఉంటుంది, ఎవరైనా వెళ్లి గాస్పార్‌ని దింపాలి. తర్వాత ఏమైందని అడిగాను.

"పలకతో నెట్టాను," అంది సొలాంజ్. "అడ్డకర్ర లేదని నాకు తెలీదు. కిందకి చూశాను, కదల్లేదు. ఎండ ఇంకా నాలుగు నిమిషాలుంది. బొమ్మ పూర్తిచేసుకుని దిగాను."